ఎడం పక్క పోర్టు

మా ఇంట్లో పోర్టు అంటే ఫోన్ వచ్చే రోజు. "ఇయ్యాల పోర్టేటే?" అని మా అత్త జగ్గమ్మ అడిగిందంటే, కొడుకు ఎక్కిన ఓడ ఏదో ఒక దేశంలో ఒడ్డుకు చేరిందా, ఫోన్ మోగుతుందా అని అర్థం. ఓడ నడిసముద్రంలో ఉన్నన్నాళ్ళూ మాకు మనిషి లేనట్టే. పోర్టు తగిలితే అయిదు నిమిషాలు గొంతు దొరుకుతుంది. అందులో మూడు నిమిషాలు అత్తవి. వానలు పడ్డాయా, గేదె ఈనిందా, వరికి తెగులు పట్టిందా అన్నవన్నీ అయ్యాక ఫోన్ నా చేతికొస్తుంది. అప్పుడైనా అత్త లేచి వెళ్ళదు. నా భుజానికి ఆనుకుని కూర్చుని, వినబడని మాటలు నాచేత మళ్ళీ చెప్పించుకుంటుంది. ఇలా తొమ్మిది నెలలు గడిచాయి.

మాకు ఇంకో పోర్టు కూడా ఉంది. కళింగపట్నం బీచిని మా వైపు పెద్దవాళ్ళు ఇప్పటికీ పోర్టనే అంటారు. ఎప్పుడో అక్కడ పెద్ద ఓడలు ఆగేవట. ఇప్పుడు లైట్‌హౌసు ఉంది, చేపల పడవలున్నాయి, ఓడ మాత్రం ఆగదు. అంత దూరాన చిన్నగా కనబడి, అలాగే జరిగి జరిగి వెళ్ళిపోతుంది. మా ఊరు అక్కడికి మూడు కిలోమీటర్లు లోపలికి. వరీ, అపరాలూ పండించుకునే వాళ్ళం. సముద్రంతో మాకు పనే లేదు, మా ఇంట్లో ఒక్క మనిషికి తప్ప.

ఆ ఒక్క మనిషి నా మొగుడు ధనరాజ్. మేనత్త కొడుకే కనుక నాకు చిన్నప్పటినుంచీ బావ. శ్రీకాకుళంలో ఐటీఐ చదివి, ఓడ ఇంజను గదిలో ఫిట్టరు పనికి కుదిరాడు. తొమ్మిది నెలలు ఓడలో, మూడు నెలలు ఇంట్లో. మూడు నెలలంటే వినడానికి బాగానే ఉంటుంది. మొదటి నెల చుట్టాలు తినేస్తారు, చివరి నెల ప్రయాణం బెంగ తినేస్తుంది. మధ్యలో మిగిలిన ఒక్క నెలా పోయినసారి లాప్‌టాప్ తినేసింది. విశాఖపట్నంలో కొనుక్కొచ్చాడు. ఎప్పుడు చూసినా దాని ముందే. నేను దాన్ని సవితి అనేదాన్ని. నవ్వేవాడు. నాకు నవ్వు రాలేదు.

మాఘమాసంలో ఒకరోజు అడిగేశాను. పైడిభీమవరం కంపెనీల్లో ఫిట్టర్లు కావాలంటున్నారు, వెళ్ళి కనుక్కోరాదా అని. ఇంకొక్క కాంట్రాక్టు చేసొస్తానన్నాడు. పోయినసారీ అదే అన్నావన్నాను. మాటా మాటా పెరిగింది. నేను మాటల్లో తగ్గే మనిషిని కాదు. తర్వాత నాలుగు రోజులు మాట్లాడలేదు. అయిదో రోజు ప్రయాణం. పొద్దున్నే కొడవలి కూడా అక్కర్లేని పని చూసుకుని, పెసరకాయలు కోయడానికి చేలోకి పోయాను. వెతుక్కుంటూ వస్తాడు, గట్టు దిగి నా దగ్గరికి వస్తాడు, అప్పుడు చూద్దాం అనుకున్నాను. కారు గట్టు మీద ఆగింది. హారన్ రెండుసార్లు మోగింది. నేను వంగినదాన్ని వంగినట్టే ఉన్నాను. దిగి రాలేడా అని నా పంతం. కారు వెళ్ళిపోయింది. కోసిన కాయలు ఒళ్ళోంచి ఎప్పుడు జారిపోయాయో తెలియదు, అక్కడే గట్టు మీద కూలబడి ఏడ్చాను.

ఆ రోజునుంచీ నా ఫోన్‌లో రెండు గడియారాలు పెట్టుకున్నాను. ఒకటి మాది, ఒకటి బావ ఓడ ఎక్కువగా ఆగే సింగపూర్‌ది. ఇక్కడ నేను పొయ్యి వెలిగిస్తుంటే అక్కడ తిని చేయి కడుక్కుని ఉంటాడు. రాసి పంపలేవా అని మీరంటారేమో. రాశాను. రా అని ఒక్క అక్షరం రాసి, చెరిపి, మళ్ళీ రాసి చెరిపాను. నేనెందుకు ముందు అడగాలి? అడిగింది ఒకసారి చాలదా? ఇలా పంతం, దాని కింద బెంగ. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే బెంగ, తలుపు గడియ పెడితే బెంగ. ఎప్పుడైనా పని మీద బీచి వైపు పోతే దూరాన పోయే ప్రతి ఓడా బావదే అనిపించేది. కాదని తెలుసు. తెలిసీ కనుమరుగయ్యేదాకా చూసేదాన్ని.

కార్తీకం వచ్చేసరికి కాంట్రాక్టు అయిపోవచ్చింది. ఆ ఆదివారం గంగరాజు మా ఇంటికొచ్చాడు. కవిటి వైపు మనిషి, బావ ఓడలోనే పని. తన గడువు తీరి, సింగపూర్‌లో దిగి ఇంటికి వచ్చేశాడు. అత్తకి చాక్లెట్లూ ఒక సబ్బుల పొట్లమూ ఇచ్చి, ఆవిడ కాఫీ పెట్టడానికి లోపలికి పోగానే నా చేతిలో అరచేయంత నల్ల డబ్బా పెట్టాడు. దానికో పొట్టి తీగ.

"హార్డ్‌డిస్కు వదినా. ధనరాజ్ ఇమ్మన్నాడు. లాప్‌టాప్‌లో ఎట్టి నువ్వొక్కదానివే సూడమన్నాడు."

తర్వాత ఇంకో మాట కూడా చెప్పాడు. ఇంకో ఆరు నెలలు ఉండిపొమ్మని కేప్టెన్ బావని అడిగాడట. ఉంటే సంతకం పెట్టాలి, దిగిపోతే టికెట్టు రాస్తారు. బావ ఇంకా ఏ సంగతీ తేల్చలేదట. ఓడ బొగ్గు కోసం ఇండోనేషియా వెళ్ళి పది రోజుల్లో మళ్ళీ సింగపూర్ వస్తుంది, అక్కడ తేల్చి చెప్పాలి. టెక్కలి అబ్బాయి గోపి అదే ఓడ ఎక్కడానికి వచ్చే శనివారం బయల్దేరుతున్నాడు, పంపవలసింది ఏమైనా ఉంటే అతని చేతికిమ్మని చెప్పి గంగరాజు కాఫీ తాగి వెళ్ళిపోయాడు.

అంటే నాకు ఆరు రోజులున్నాయి. ఆరు రోజుల్లో నా మాట గోపి చేతికి అందకపోతే ఆరు నెలలు పోతాయి.

బీరువాలోంచి సవితిని తీశాను. తొమ్మిది నెలల్లో దాని మీద చేయి వేయడం అదే మొదటిసారి. చుట్టూ కన్నాలే. పొడుగువి, పొట్టివి, గుండ్రనివి. దేంట్లో ఏది పెట్టాలో నాకేం తెలుసు? ఇంటర్ చదివాను గానీ మా కాలేజీలో కంప్యూటర్ గదికి తాళం తీయడం ఎప్పుడూ చూడలేదు. భయమేసి మళ్ళీ బీరువాలో పెట్టేశాను.

మంగళవారం మధ్యాహ్నం పోర్టు వచ్చింది. ఇండోనేషియాలో సిగ్నల్ బాగోలేదు, గొంతు తెగి తెగి వినబడింది. అత్త మూడు నిమిషాలూ అయ్యాక నేను ఫోన్ తీసుకుని, డిస్కు ముట్టింది, ఎలా చూడాలి అని గొంతు తగ్గించి అడిగాను.

"పోర్టులో ఎట్టి సూడు. ఎడం పక్క పోర్టు. కుడి పక్కది ఒద్దు, పాడైపోనాది" అన్నాడు. ఇంకా ఏదో చెప్పబోతుంటే లైను పోయింది.

నా ఒళ్ళు ఝల్లుమంది. మీకు అర్థం కాదు, చెబుతాను. కళింగపట్నం పోర్టులో సముద్రం వైపు తిరిగి నిలబడితే కుడి పక్క లైట్‌హౌసు, జనం, టిఫిను బళ్ళు. ఎడం పక్క ఏటి మొగ, అంటే వంశధార సముద్రంలో కలిసే చోటు. జనం తక్కువ. పెళ్ళయిన కొత్తలో బావా నేనూ అక్కడే ఇసకలో కూర్చునేవాళ్ళం. పోయినేడు తుపానుకి కుడి పక్క ఒడ్డంతా కోసుకుపోయింది కూడా. ఎడం పక్క పోర్టు, కుడి పక్కది పాడైపోయింది. ఇంకేం కావాలి? మనం కూర్చున్న చోటికెళ్ళి చూడు అంటున్నాడు అనుకున్నాను. ఇంతకాలం లాప్‌టాప్‌ తప్ప లోకం పట్టని మనిషి ఇంత సరసంగా మాట్లాడాడని మురిసిపోయాను. ఆ రాత్రికి నాకు అన్నం సహించలేదు.

బుధవారం మధ్యాహ్నం అత్త చేలోకి పోగానే, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని, లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని ఆటో ఎక్కాను. ఏటి మొగ దగ్గర దిగి, గాలికి కొంగు బిగించి, ఇసకలో తువ్వాలు పరిచి కూర్చున్నాను. బావ ఉన్నప్పటి ఛార్జింగు ఇంకా కొంచెం మిగిలినట్టుంది, పైన మీట నొక్కితే తెర వెలిగింది. డిస్కు తీగ చివర పట్టుకుని కన్నాలన్నీ చూశాను. ఒకదాంట్లో సరిగ్గా దూరింది. ఎంత చక్కగా దూరిందంటే అదే దాని ఇల్లు అనుకున్నాను. ఇంక బావ కనబడతాడని చూశాను. ఏమీ రాలేదు. తీసి మళ్ళీ పెట్టాను. ఎండకి తెర మీద నా మొహమే కనబడుతోంది. గంట కూర్చున్నాను.

కొంచెం అవతల ఒకావిడ చేపలు తిరగేసి ఎండబెడుతోంది. చాలాసేపు నన్ను చూసి, ఉండబట్టలేక వచ్చింది. "ఏటమ్మీ, కంప్యూటర్ని ఎండబెడతన్నావేటి?" అంది.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. డిస్కు ఉప్పుగాలికి పాడైపోయిందన్నా అనుకోవాలి, లేకపోతే బావ ఖాళీది పంపాడన్నా అనుకోవాలి. ఖాళీది పంపాడనే అనుకున్నాను. కోపంగా ఉంటే అదే ముందు తోస్తుంది. పెసరచేలో నేను వెనక్కి తిరగలేదు కాబట్టి ఇలా కక్ష తీర్చుకున్నాడని ఆటోలో వస్తూ దారంతా తిట్టుకున్నాను. ఇంటికొచ్చి చీర మడత పెడుతుంటే మాత్రం తిట్లు అయిపోయి, ఇసకలో ఒక్కదాన్నీ కూర్చున్న గంటే గుర్తొచ్చింది. నాకు బావ కావాలి. అంతే. దానికి కారణాలు లేవు.

గురువారం శ్రీకాకుళం పోయాను. కాలేజీలో నాకు ఏడాది చిన్నదైన తన్మయి అక్కడ కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెబుతోందని తెలుసు. వాళ్ళది విజయనగరంలో సంగీతం ఇల్లు, తాతగారు వీణ మాష్టారు. పిల్ల మాత్రం వీణ వదిలేసి కంప్యూటర్లలో పడింది. బావ అన్న మాట, నేను బీచికి పోయిన సంగతి, చేపలావిడతో సహా అంతా చెప్పాను. తన్మయి పగలబడి నవ్వింది. నేను నవ్వకపోవడం చూసి ఆపేసింది.

"అక్కా, వీటినే పోర్టులంటారు" అని లాప్‌టాప్ పక్కనున్న కన్నాలు చూపించింది. "పేరు అక్కణ్ణుంచే వచ్చింది. బయటి సరుకు లోపలికి దింపాలన్నా, లోపలిది బయటికి పంపాలన్నా ఇవే రేవులు. మీ బావగారు ఎడం పక్క అన్నది లాప్‌టాప్‌కి ఎడం పక్క."

నా మొహం ఎలా మాడిపోయి ఉంటుందో ఊహించుకోండి. బావ సరసమూ లేదు, ఏటి మొగా లేదు. కన్నం సంగతి చెప్పాడు మహానుభావుడు.

తన్మయి నన్ను వదల్లేదు. ఎవరో ఒకరు వచ్చి పెట్టి ఇస్తే రేపు మళ్ళీ ఇదే తంతు, నీకు నువ్వే తెలుసుకోవాలి అంది. ముందు కళ్ళతో చూపించింది. ఎడం పక్క వెనకనున్న సన్నటి గుండ్రంది ఛార్జింగుకి. దాని పక్కన పలకలా వెడల్పుగా ఉన్నది టీవీకి కలపడానికి. ఆ తర్వాత చిన్న కిటికీలా చతురస్రంగా ఉన్నది నెట్ తీగకి. నేను బీచిలో డిస్కు పెట్టింది అందులోనే. దాని వెడల్పూ దీని వెడల్పూ ఒకటే కావడంతో చక్కగా దూరుతుందట, పని మాత్రం చేయదట. చాలామంది ఇలాగే పెడతారని ఓదార్చింది. ఆ పక్కన అడ్డంగా, లోపల నీలం నాలుకతో ఉన్నది యూఎస్‌బీ. డిస్కుకి అసలు ఇల్లు అది. కుడి పక్క కూడా అలాంటివి రెండున్నాయి గానీ తీగ పెడితే వదులుగా ఊగుతున్నాయి. బావ అన్నది నిజమే. ముందువైపు సన్నటి చీలిక కెమెరా కార్డుకి, చిన్న గుండ్రంది చెవిలో పెట్టుకునే తీగకి.

తర్వాత కళ్ళు మూసుకోమంది. వేలితో తడిమి ఏది ఏదో చెప్పమంది. వాళ్ళ తాతగారు వీణ మెట్లు అలాగే నేర్పారట. నేను తడుముతూ ఛార్జింగు, టీవీ, నెట్టు, యూఎస్‌బీ అని చెబుతుంటే చేతికింద ఆ అంచులు తగులుతున్నాయి. బావ వేళ్ళు కూడా ఇలాగే తడిమి ఉంటాయనిపించింది. పోయినసారి నెలంతా ఈ అంచులు పట్టుకునే కదా కూర్చున్నాడు. తొమ్మిది నెలలు దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసినందుకు మొదటిసారి బాధపడ్డాను.

నీలం నాలుక మీద డిస్కు పెట్టగానే చిన్న దీపం వెలిగింది. తెర మీద వరసగా పేర్లు కనబడ్డాయి. చివరి దాని పేరు కుమారి. నన్ను బావ ఒక్కడే కుమారి అంటాడు, ఊరంతటికీ రాజీని. తన్మయి ముందే తెరుచుకుంటుందేమోనని చటుక్కున తీసేయబోయాను. తన్మయి నా చేయి పట్టుకుని, డిస్కుని చెప్పకుండా లాగేయకూడదు, వెళ్తున్నానని తెర మీద చెప్పించి అప్పుడు తీయాలి అంది. చెప్పకుండా వెళ్ళడం మా ఇంట్లో అలవాటేలే అన్నాను. ఎలా చూడాలో, ఎలా రికార్డు చేసి డిస్కులోకి ఎక్కించాలో కాగితం మీద రాయించుకున్నాను. ఇంకా మీటలున్నాయి, చప్పుడు పెంచేవి, తగ్గించేవి, రేపు రా అక్కా అవి కూడా చెబుతాను అంది. పోర్టులు తెలిశాయి చాలు, మీటల పాఠం నాకెందుకు అని లేచి వచ్చేశాను. నాకున్న ఓపిక అంత.

శుక్రవారం పొద్దున్న అత్త వరి కోతలకి మనుషుల్ని మాట్లాడ్డానికి వెళ్ళింది. తలుపు గడియ పెట్టి కూర్చున్నాను. మొదటి వీడియోల్లో సముద్రం. తర్వాత ఇంజను గది, చెవులు చిల్లులు పడే మోత, మసి చేతులతో బావ నవ్వు. వంటమనిషి చేసిన పప్పుని చూపించి మొహం చిట్లించడం. చివర కుమారి. అందులో బావ మంచం మీద కూర్చుని ఉన్నాడు. చిక్కిపోయాడు. గడ్డం పెంచాడు. కెమెరా వైపు చూస్తూ మొదలుపెట్టాడు.

"ఆరోజు కారు గట్టు మీద ఆపించినాను. హారన్ రెండు సార్లు కొట్టించినాను. నువ్వు తిరగనేదు. నేనంటే నీకు ఇసుగొచ్చీసిందనుకున్నాను. దిగి రావాల్సింది. భయమేసినాది, మొకం మీదే పొమ్మంటావేమోనని. ఇక్కడ ఆరు నెలలు ఉండమంతన్నారు. నువ్వు రమ్మంటే ఒచ్చీస్తాను. ఫోన్లో అమ్మ పక్కనే ఉంటాది, నువ్వు సెప్పలేవు. రాత ఒద్దు, రాతలో నువ్వు పొడిపొడిగా ఉంటావు. ఈ డిస్కులోనే నోటితో సెప్పి పంపు. నీ మొకం సూసి, నీ మాట ఇని, అప్పుడు పెన్ను పట్టుకుంటాను."

హారన్ నాకు వినబడింది బావా, అని తెరతో అన్నాను. వినబడింది, కావాలనే తిరగలేదు. ఆయన దిగలేదు, నేను తిరగలేదు. ఒక్క నిమిషం పనికి తొమ్మిది నెలలు.

కళ్ళు తుడుచుకుని, జుట్టు సర్దుకుని, తన్మయి కాగితం ముందు పెట్టుకున్నాను. కెమెరా తెరిచాను. నా మొహం కనబడింది. పైవరస మీటల్లో ఒకదాని మీద మైకు బొమ్మ ఉంది. మాట్లాడాలంటే అది నొక్కాలి కాబోలు అని నొక్కాను. ఎర్రదీపం వెలిగింది. సరే, మైకు పనిచేస్తోంది అనుకుని మొదలుపెట్టాను.

ముందు తిట్టాను. గట్టు మీద కారు ఆపి హారన్ కొట్టడానికి నేనేమైనా గేదెనా అని తిట్టాను. తర్వాత ఏడ్చాను. తర్వాత ఈ తొమ్మిది నెలల్లో ఎవరితోనూ అనని మాటలన్నీ అన్నాను. బీచికి పోయిన కథ చెప్పాను. రెండు గడియారాల సంగతి చెప్పాను. మంచానికి నీ వైపు ఇప్పటికీ ఖాళీగానే ఉంచుతున్నానని చెప్పాను. చివరికి వచ్చెయ్యమన్నాను. ఒకసారి అన్నాక ఇంక ఆగలేదు, ఎన్నిసార్లన్నానో తెలియదు. పావుగంట అయింది. నా ఏడుపు మొహం మళ్ళీ చూసుకునే ధైర్యం లేక, కాగితంలో ఉన్నట్టే డిస్కులోకి ఎక్కించి, వెళ్తున్నానని చెప్పించి, తీగ తీసి చుట్టాను.

శనివారం శ్రీకాకుళం బస్ కాంప్లెక్సులో గోపిని కలిశాను. విశాఖపట్నం బస్సు ఎక్కబోతున్నాడు, అక్కణ్ణుంచి విమానం. డిస్కు అతని చేతిలో పెట్టి, నేరుగా ఆయనకే ఇవ్వమని రెండుసార్లు చెప్పాను. అతను చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు. బస్సు కదిలాక నా ఒళ్ళు తేలికైపోయింది. ఇంటికొచ్చి వరసగా ఇల్లంతా కడిగాను. బావ తలగడకి గలీబు మార్చాను. అత్త వింతగా చూసింది.

ఆదివారం సాయంత్రం ఎందుకో లాప్‌టాప్ తీశాను. నేను పంపిన దాని నకలు అందులో ఉంది. ధైర్యం చేసి నొక్కాను.

నేను మాట్లాడుతున్నాను. నోరు కదులుతోంది, చేతులు కదులుతున్నాయి, ముక్కు తుడుచుకుంటున్నాను. మాట లేదు. చప్పుడు పెంచాను. లేదు. బావ వీడియో పెడితే గొంతు బాగానే వినబడుతోంది. నాదే లేదు. వెంటనే తన్మయికి ఫోన్ చేశాను. ఎర్రదీపం వెలిగిందా అక్కా అని అడిగింది. వెలిగిందన్నాను. ఎర్రదీపం వెలిగితే మైకు నోరు మూసినట్టు అంది. మీటల పాఠానికి రమ్మన్నాను కదా అని మాత్రం అనలేదు. అని ఉంటే బాగుండేది, ఎవరినో ఒకరిని తిట్టుకునేదాన్ని.

పావుగంట గుండె విప్పి చెబితే ఒక్క మాట కూడా పోలేదు. వెళ్ళిన బొమ్మలో ఏముంది? మొదట కళ్ళెర్రజేసి వేలు చూపిస్తూ తిడుతున్న నేను. అది చూసి ఏమనుకుంటాడు? పెసరచేలో వీపు చూసే అంత అనుకున్నవాడు, మొహం చూసి ఇంకేమనుకుంటాడు? వెంటనే ఫోన్ చేస్తే అందుబాటులో లేరంది. ఓడ ఇంకా సముద్రంలో ఉంది. ఒడ్డుకు రాగానే ఫోన్ చెయ్ అని రాసి పంపాను. పక్కన ఒకే ఒక్క టిక్కు పడింది. సోమవారం అంతా ఆ టిక్కు వైపే చూశాను. పొయ్యి మీద అన్నం మాడింది. గుమ్మంలో కూర్చుంటే లోపల ఫోన్ మోగినట్టుండేది, లోపలికి పోతే మోగేది కాదు. మనిషి కావాలనిపించినప్పుడు గోడకైనా చెప్పుకోవచ్చంటారు గానీ, గోడకి చెప్పీ చెప్పీ విసిగిపోయినదాన్ని. నాకు వినే మనిషి కావాలి.

మంగళవారం పొద్దున్న తొమ్మిదింటికి ఫోన్ మోగింది. అత్త పక్కనే చేటలో బియ్యం చెరుగుతోంది. ఎప్పుడూ ముందు తనే అందుకుంటుంది. ఆరోజు నేను అందుకున్నాను.

"డిస్కు ముట్టినాది కుమారీ" అన్నాడు బావ. "బొమ్మ ఉన్నాది, మాట నేదు. పొద్దున్నించి నాలుగు సార్లు సూసినాను. తిడతన్నావో, ఏడస్తన్నావో తెలీనేదు. కేప్టెన్ కాయితం బల్ల మీద ఎట్టీసినాడు, మధ్యాన్నానికి ఇచ్చీమన్నాడు. ఏటి సెప్పినావే నాకు?"

అత్త చెరగడం ఆపి, ఏటంతన్నాడని అడిగింది. పెరట్లోకి పోదామంటే అక్కడ సిగ్నల్ ఉండదు. తర్వాత చెబుతానందామంటే తర్వాత లేదు. ఆవిడ మొహంలోకే చూస్తూ చెప్పాను.

"ఒచ్చీ బావా. హారన్ ఇనబడ్డాది నాకు. కావాలనే తిరగనేదు. నువ్వు నేకపోతే నాకు ఒక్క పూట కూడా బాగోనేదు. సంతకం ఎట్టకు. ఇంటికొచ్చీ."

సిగ్గుతో చెవులు వేడెక్కిపోయాయి. లైను పోయిందేమో అని తెర వైపు చూశాను. పోలేదు, సెకన్లు నడుస్తున్నాయి.

"ఇంకోసారి సెప్పు" అన్నాడు బావ.

మళ్ళీ చెప్పాను. ఈసారి వీధిలోకి వినబడి ఉంటుంది. చెప్పడం అయ్యేసరికి అత్త చేట కింద పెట్టి, నూకలంటిన చేతులతోనే నా దగ్గర్నుంచి ఫోన్ తీసుకుంది. కోడలు ఇలా మాట్లాడితే ఏమంటుందోనని బిక్కచచ్చి నిలబడ్డాను. ఆవిడ ఫోన్‌ని రెండు చేతులతో నోటి దగ్గర పెట్టుకుంది.

"ఒచ్చీరా నాయినా" అంది. ఫోన్‌ని ఇద్దరి చెవుల మధ్యా పట్టుకుంది.

అవతల ఓడ పనివాళ్ళ అరుపులేవో వినబడ్డాయి. ఆ తర్వాత, ఒస్తన్నాను, అన్నాడు బావ. అది తనతో అన్నాడని అత్తా, నాతో అన్నాడని నేనూ అనుకున్నాం.